మొదటి హారతి ఎవరిది

పుష్పవల్లి మంచి మనిషే. ఎవరింట్లో చావైనా పెళ్ళైనా కొంగు దోపుకుని ముందుగా వంటింట్లోకి దూరేది ఆవిడే. పోర్ట్ క్లాంగ్ రేవులో ఒక షిప్పింగ్ ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్ళు గుమస్తాగా చేసింది. ఓడలో ఎక్కిన సరుకూ కాగితం మీద రాసిన సరుకూ సరిపోయాయా లేదా చూడటం ఆవిడ పని. ఒక్క పెట్టె నంబరు కూడా తప్పు పోనివ్వకుండా రిటైరైంది. లారీ నడిపే మొగుడు పోయి తొమ్మిదేళ్ళైనా ఎవరి ముందూ తల వంచలేదు. అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటే జబ్బు. భారతికి ఏదైనా మంచి జరిగిందని చెవిన పడితే చాలు, ఆ పూట ఆవిడకి అన్నం సహించదు.

పోనీ ఆ భారతి శత్రువా అంటే అదీ కాదు. సుంగై సుమున్ దగ్గరి కొబ్బరితోటలో, సముద్రం దాటి వచ్చిన తెలుగు కూలీల వరస ఇళ్ళలో, ఒకే గోడకి అటొకరూ ఇటొకరూగా పుట్టారు ఇద్దరూ. నాలుగు నెలలు పుష్పవల్లి పెద్ద. చుట్టరికం లేకపోయినా వరస కలుపుకుని ఒకరినొకరు వదినా అనుకుంటారు. ఆ నాలుగు నెలల పెద్దరికం తప్ప దేవుడు పుష్పవల్లికి ఇంకే విషయంలోనూ ముందు చోటు ఇవ్వలేదు. తోట బళ్ళో మొదటి బహుమతి భారతికి. వరస మొత్తానికి మొదటి టీవీ భారతి వాళ్ళింట్లో. ఊళ్ళో పిల్లలంతా లోపల చాప మీద కూర్చుని చూస్తుంటే పుష్పవల్లి మాత్రం గుమ్మం పట్టుకుని నిలబడేది. "లోపలికి రా వదినా, ఇలా నా పక్కన కూకో" అని పిలిచేది భారతి. ఆ పిలుపు వింటే ఒళ్ళు మండిపోయేది. వెళ్ళకపోతే సినిమా పోతుంది, వెళ్తే పరువు పోతుంది. అలా సగం సినిమాలు గుమ్మంలోనే చూసింది మహాతల్లి.

తర్వాత పెళ్ళీ ముందు భారతికే. సొంత ఇల్లూ ముందు ఆవిడకే, బటాంగ్ బెర్జుంటై అనే ఊళ్ళో, వాకిట్లో మల్లెపందిరితో సహా. పుష్పవల్లి కూతురు షామినికి తెలుగు అర్థమవుతుంది గాని నోట రాదు. అడిగిన ప్రతిదానికీ తమిళంలోనో ఇంగ్లీషులోనో జవాబు. భారతి మనవరాలు మాత్రం తెలుగులో శ్లోకాలు చదువుతుంది! వినాయక చవితికి భారతి పంపిన ఆ పిల్ల వీడియో చూసి పుష్పవల్లి ఫోను బోర్లా పెట్టేసి, వంటింట్లో గిన్నెలన్నీ ధనాధన్ మని కడిగింది. ఉన్నమాట చెప్పుకుంటే, కుళ్ళు. అది ఆవిడకీ తెలుసు.

ఇన్నిటి మధ్యా పుష్పవల్లికంటూ ఒకటుంది. ఏటా శ్రీరామనవమికి పాత తోటవాళ్ళంతా ఎక్కడెక్కడినుంచో సుంగై సుమున్ రామమందిరానికి చేరతారు. పూజారి కర్పూరం వెలిగించి పళ్ళెం ముందుగా ఎవరి చేతికిస్తాడో ఆ ఇంటిది మొదటి హారతి. తోటకి మొట్టమొదట వచ్చిన తెలుగువాడి ఇంటికి ఆ మర్యాద. అది పుష్పవల్లి తాత కూర్మయ్య అని అందరూ అనుకుంటూ వచ్చిన మాట. తాత, తర్వాత తండ్రి, తర్వాత ఆవిడ. ఏడాదికి ఒక్క పూట, ఆ పళ్ళెం పట్టుకుని నడుస్తుంటే జనం పక్కకి తప్పుకుని దారిస్తారు. ఆ జనంలో భారతి కూడా ఉంటుంది. కళ్ళకద్దుకోవడానికి ఆవిడ రెండు చేతులూ చాపినప్పుడు పుష్పవల్లి పళ్ళేన్ని ఒక క్షణం ఎక్కువే ఆపుతుంది. ఆ ఒక్క క్షణంతో మిగతా ఏడాదంతా నెట్టుకొస్తుంది.

కిందటి సంవత్సరం మందిరం పడగొట్టి కొత్తగా కట్టారు. కమిటీ కార్యదర్శి సుగుమారన్‌కి ఒక ఆలోచన వచ్చింది. గోడకి నల్లరాతి పలక పెట్టి, తోటకి వచ్చిన మొదటివాళ్ళ పేర్లు ఏడాదుల వరసన చెక్కిద్దామన్నాడు. షరతులు రెండు. ఈనాటికీ గుడికొస్తున్న కుటుంబాల మూలపురుషుల పేర్లే ఎక్కాలి. నోటిమాట చెల్లదు, కాగితం కావాలి. పలక మీద మొదటి పేరు ఎవరిదైతే మొదటి హారతి ఇకమీదట వాళ్ళదే.

"మా తాతకి కాగితమేటి? ఊరంతా సాచ్చికమే కదా" అని పుష్పవల్లి ఆ మాట తీసిపారేసింది. మూడో వారం తోటవాళ్ళ వాట్సాప్ గుంపులో భారతి ఒక ఫోటో పెట్టింది. తోట ఆఫీసు పాత పుస్తకంలో పేజీ. అప్పలసామి, తండ్రి ఎర్రయ్య, వయసు ఇరవై, వచ్చినది 1914. కింద రాసింది: "మా తాత దొరికినాడు." దానికి నలభై మంది దండాలు, పువ్వులు, చప్పట్లు. పుష్పవల్లి ఆ పేజీని పెద్దది చేసి మళ్ళీ చదివింది. కాగితం లేకపోతే మొదటి పేరు అప్పలసామిది. అంటే పళ్ళెం భారతిది. అంటే ఇకనుంచి చేతులు చాపవలసింది తను.

ఆరా తీస్తే తేలిందేమిటంటే, తోట ఆఫీసు కూల్చినప్పుడు పాత పుస్తకాలన్నీ ఒక రేకు పెట్టెలో కమిటీ చేతికొచ్చాయి. క్లాంగ్‌లో కుగన్ అనే అతను వాటిని పేజీ పేజీ ఫోటో తీసి కంప్యూటర్లో పెట్టాడు. కుగన్ తండ్రి తమిళుడు, తల్లి తెలుగావిడ, అతను చేరింది మోర్మన్లనే ఒక క్రైస్తవ శాఖవాళ్ళ చర్చిలో. శనివారాలు ఆ చర్చిలో ఒక గదిలో కూర్చుని, ఏ మతంవాళ్ళు వచ్చినా వాళ్ళ తాతముత్తాతల్ని వెతికిపెడతాడు.

శనివారం పొద్దున్నే కొమ్యూటర్ రైలెక్కి వెళ్ళి అతని ముందు కూర్చుంది పుష్పవల్లి.

"ముందే సెప్తన్నాను, నాను మతం మారను" అంది.

"అడగలేదు లా ఆంటీ" అని, అక్కడందరిలాగే మాట చివర లా తగిలించి నవ్వాడు కుగన్. "ఎవరిని వెతకాల?"

"అది తర్వాత. మీ సర్చీకి ఇదేటి పని? సచ్చిపోయినోల్ల పేర్లు మీకెందుకు?"

అతను చెప్పాడు. వాళ్ళ చర్చి మొదటివాళ్ళు అమెరికాలో తోపుడుబళ్ళు లాక్కుంటూ, ఎడారీ మంచూ దాటి, నెలల తరబడి నడిచారట. దారిలో చాలామంది పోయారట. ఏ గుంపులో ఎవరు నడిచారో, ఎవరిని ఎక్కడ పూడ్చారో రాసుకున్న పుస్తకాలున్నాయి. వాళ్ళ ముని మనవలు ఇప్పటికీ వాటిలో తాత పేరు కోసం వెతుక్కుంటారు. మా తాత మొదటి గుంపులో నడిచాడు అని చెప్పుకోవడం అక్కడ చాలా గొప్ప.

"ఓలమ్మ! అక్కడా ఇదే గొడవేటి!" అంది పుష్పవల్లి. ఆవిడకి అమెరికావాళ్ళ మీద మొదటిసారి అభిమానం కలిగింది.

"ఒకటి గుర్తు పెట్టుకో ఆంటీ. ఒక్క కాగితం నమ్మొద్దు. వచ్చింది, పోయింది, మధ్యలో బతికింది, మూడూ కలవాల. మాకు మొదట నేర్పేది అదే."

"నాకు కాగితాలు నేర్పుతావేటి? ముప్పై ఒక్క ఏల్లు అదే పని నాది."

పనిలోకి దిగాక చూడాలి ఆవిడని! తోట పుస్తకాల్లో ఇంటిపేరు ఉండదు. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, అంతే. ఒక్క పేజీలో నలుగురు సింహాచలాలు, ఆరుగురు అప్పన్నలు. కుగన్ కళ్ళు నులుముకుంటుంటే పుష్పవల్లి వేలు తెర మీద వరస వెంట వరస జారుతూనే ఉంది. మూడో శనివారం మధ్యాహ్నం ఆ వేలు ఆగింది. కూర్మయ్య, తండ్రి రామన్న, వయసు ఇరవై రెండు, ఊరు శ్రీకూర్మం దగ్గర. వచ్చినది 1911.

ఊరు సరిపోయింది. తండ్రి పేరు సరిపోయింది. అప్పలసామి కంటే మూడేళ్ళు ముందు! కుర్చీలోంచి లేచి కుగన్ వీపు మీద ఒక్కటిచ్చింది. అతను "పోయింది కూడా చూద్దామా ఆంటీ, ఆసుపత్రి పుస్తకం ఉంది" అంటున్నాడు. ఎవరు వింటారు? రైలు దిగకముందే ఫోటో వాట్సాప్‌లోకి ఎక్కింది. "మా తాత, 1911. అందరికంటె ముందు." దండాలు, పువ్వులు, చప్పట్లు వచ్చాయి. లెక్కపెట్టింది. యాభై మూడు. భారతికి నలభయ్యే.

భారతి నుంచి ఒక్క మాట వచ్చింది. "సంతోసం వదినా."

ఆ మాట చూసి పుష్పవల్లికి సంతోషం సగం చచ్చింది. ఇదేమిటి? మొదటి పేరు పోయిన మనిషి ఇలా రాస్తుందా? తనైతే గుంపులోంచే బయటికి పోయేది. ఈ మనిషికి మంట లేదా? లేక లోపల ఇంకేదో పెట్టుకుందా? 1911 కంటే ముందుది ఏదైనా దొరికిందేమో, నవమి నాడు అందరి ముందూ తీస్తుందేమో! వారం రోజులు ఉడికిపోయింది. షామిని ఫోన్ చేస్తే విసుక్కుంది. అప్పలసామి ఎక్కడో ఒకచోట తప్పు చేసి దొరక్కపోతాడా, పని ఎగ్గొట్టినందుకో తాగి కొట్టుకున్నందుకో పేరు రాసి ఉండకపోతుందా, అది పట్టుకుంటే భారతి నోరు మూతపడుతుంది అని లెక్క వేసుకుంది. నవమి ఇంకా పది రోజులుందనగా మళ్ళీ వెళ్ళి కుగన్ ముందు కూర్చుంది.

"ఆసుపత్రి పుస్తకం తియ్యి. అప్పలసామి ఎక్కడున్నాడో సూపించు."

అతను వెతికి తీశాడు. "ఇదిగో ఆంటీ, 1916. కానీ జబ్బు అతనికి కాదు లా. శవం తీసుకున్నది అతను."

పుష్పవల్లి అద్దాలు సర్దుకుని చదివింది. కూర్మయ్య, తండ్రి రామన్న, వయసు ఇరవై ఏడు, ఊరు శ్రీకూర్మం దగ్గర, 1911లో వచ్చినవాడు. విషజ్వరం. పెళ్ళి కాలేదు. సొంతవాళ్ళు ఎవరూ లేరు. శవం తీసుకెళ్ళి పూడ్చినది, పక్క గది అప్పలసామి.

మళ్ళీ చదివింది. తన తాత 1979లో పోయాడు. తనకప్పుడు పదిహేడేళ్ళు. పోయే ముందు వారం దాకా కొబ్బరిబొండాల బండి తోసినవాడు. 1911లో ఇరవై రెండేళ్ళవాడైతే పోయేనాటికి తొంభై ఉండాలి, తాతకి అరవై రెండే. తొంభై ఏళ్ళ ముసలాయన బండి తోస్తాడా? ఒక్క పెట్టె తేడా వస్తే ఓడనే ఆపించిన మనిషి, ఇరవై ఎనిమిదేళ్ళ తేడాని గుటుక్కున మింగేసింది. ఎందుకు మింగిందో ఆవిడకి తెలుసు. 1914 కంటే ముందు అంకె కనబడితే చాలనుకుంది.

"వచ్చినోల్ల పుస్తకం తియ్యి" అంది. మొన్న 1911 దగ్గర దొరికిందిలే అని ఆపేసిన పుస్తకాన్ని ఇప్పుడు ముందుకు తిప్పింది. 1929లో ఉన్నాడు. కూర్మయ్య, తండ్రి రామన్న, వయసు పన్నెండు. వెంట తెచ్చినవాడు అప్పలసామి.

మనవాళ్ళకి ఇది కొత్త కాదు. పెద్దకొడుకు పోతే ఆ తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టుకుంటారు, పోయినవాడే మళ్ళీ వచ్చాడని. దూరదేశంలో పెద్దకొడుకు పోయాడని తెలిసిన మరుసటేడు ఆ రామన్నకి ఇంకో కొడుకు పుట్టాడు. వాడూ కూర్మయ్యే. అప్పలసామి ఒకసారి ఊరెళ్ళినప్పుడు వాడిని వెంటబెట్టుకొచ్చి పెంచాడు. వాడు పుష్పవల్లి తాత. పెళ్ళీపెటాకులూ లేకుండా మట్టిలో కలిసిన అన్న పేరునీ, అన్న ముందు వచ్చిన గొప్పనీ మోస్తూ బతికాడు పాపం.

ఇరవై ఏడేళ్ళ కుర్రాడు. జ్వరంలో ఎవరిని పిలిచాడో! పుష్పవల్లికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు ఆరకముందే ఇంకో ఆలోచన కూడా వచ్చింది, దాచడమెందుకు. ఈ పేజీ ఎవరు చూశారు గనక? తన తాతని గుర్తున్నవాళ్ళు ఎందరు మిగిలారు? కుగన్‌కి ఈ పేర్లపెట్టుడు గొడవ తెలియదు. తను లేచి ఇంటికి పోతే మొదటి పేరు కూర్మయ్యే, పళ్ళెం తనదే.

"ఈ పేజీ ప్రింట్ కావాలా ఆంటీ?" అన్నాడు కుగన్. "భారతి ఆంటీ రెండు నెలల ముందే తీసుకున్నారు. వాళ్ళ తాత పేరు ఉంది కదా. 1929 పేజీ కూడా."

రెండు నెలల ముందు. అంటే తను 1911 అని ఊరంతా చాటినప్పటికే ఆ మనిషికి అన్నీ తెలుసు. తెలిసే "సంతోసం వదినా" అని రాసింది.

ఇంటికి వెళ్ళలేదు. అటునుంచి అటే టాక్సీ మాట్లాడుకుని బటాంగ్ బెర్జుంటై పోయింది. భారతి మల్లెపందిరి కింద కూర్చుని పూలు కోస్తోంది.

"ఎండలో వచ్చినావేటి వదినా? లోపలికి రా."

"రాను. సూసినావు కదా? మా తాత ఎప్పుడొచ్చినాడో నీకు ముందే తెలుసు కదా?"

భారతి పూలబుట్ట కింద పెట్టింది. "సూసినాను."

"మరి సెప్పలేదేటి? అందరి ముందూ నాను కోతిలాగ గెంతుతుంటే సూసి నవ్వుకున్నావా?"

"నవ్వుకోడం ఏటి వదినా! ఏటని సెప్పను? సిన్నప్పట్నుంచీ నీకంటూ ఉన్నది ఆ పల్లెమొకటే కదా. అది కూడా నాను లాక్కుంటే నీకేటి మిగుల్తాది? మా తాత పేరు రాయెక్కాలని ఫోటో పెట్టినాను గాని, నీకు 1911 దొరికినాక పోనీలే, ఉండనీ అనుకున్నాను."

భారతి మెత్తగానే అంది. ఆ మెత్తదనమే పుష్పవల్లిని కోసేసింది. తిడితే తిట్టేది, కొడితే కొట్టేది. ఇది జాలి! తను పళ్ళేన్ని క్షణంసేపు ఆపి గర్వపడిన ప్రతి ఏడాదీ అవతల మనిషి దాన్ని గమనించే ఉంటుంది, పోనీలే పాపం అనుకునే ఉంటుంది. అరవై మూడేళ్ళు పోటీ పడుతున్నాననుకుంది. అవతలిది పోటీలోనే లేదు.

అక్కడే, ఆ పందిరి కిందే, సంచిలోంచి ఫోన్ తీసింది.

"సుగుమారా, నాను పుష్పవల్లిని. రాయి సెక్కేసినారా?"

"రేపు మొదలక్కా. మీ తాత పేరే ముందు."

"తీసెయ్యి. మా తాత వచ్చింది 1929లో. ముందొచ్చినాయన మా తాత అన్న, పిల్లల్లేకుండానే పోయినాడు. మొదటి పేరు అప్పలసామిది. కాగితాలు పంపిస్తన్నాను."

"వదినా, ఒద్దు!" అని భారతి చెయ్యి పట్టుకుంది.

"వదులు! నీ దానం నాకక్కర్లేదు" అని విదిలించి, మళ్ళీ ఫోన్లోకి అరిచింది. "ఇంకోటి. ఆ పోయిన కూర్మయ్య పేరు కూడా కింద సిన్న అచ్చరాల్లో ఉండాల. మూలపురుసుడు కాకపోతే మానె. ఈ మన్నులోనే కదా కలిసినాడు!"

సుగుమారన్ నీళ్ళు నమిలాడు గాని ఆవిడ గొంతు విని సరేనన్నాడు. పుష్పవల్లి వచ్చిన టాక్సీలోనే వెనక్కి పోయింది. దారిపొడుగునా ఏడ్చింది. ఆ ఏడుపు చచ్చిపోయిన కుర్రాడి కోసం కొంత, పళ్ళెం కోసం చాలా.

నవమి వచ్చింది. వెళ్ళకూడదనే అనుకుంది. వెళ్ళకపోతే భారతి ఇంకా జాలిపడుతుందని వెళ్ళింది, ఉన్నవాటిలోకెల్లా మంచి పట్టుచీర కట్టుకుని మరీ. పలక మీది పసుపు గుడ్డ తీశారు. అప్పలసామి, 1914. కూర్మయ్య, 1929, ఏడో వరసలో. అన్నిటి కిందా చిన్న అక్షరాల్లో ఇంకో కూర్మయ్య, వచ్చిన ఏడాదీ పోయిన ఏడాదీ. పూజారి కర్పూరం వెలిగించి పళ్ళెం భారతి చేతికిచ్చాడు. పుష్పవల్లి పళ్ళు బిగించి జనంలో నిలబడింది. అప్పుడే సుగుమారన్ మైకు పట్టుకున్నాడు.

"ఈ మొదటి పేరు ఇలా సరిగ్గా పడటానికి కారణం పుష్పవల్లి అక్క" అని మొదలుపెట్టి, అన్నీ చెప్పేశాడు. చేతిలో ఉన్న మర్యాదని ఎవరూ అడగకుండానే వదులుకుందన్నాడు. దిక్కులేకుండా పోయిన కుర్రాడికి నూట తొమ్మిదేళ్ళ తర్వాత పేరు తెచ్చిందన్నాడు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. "ఎవులు సేస్తారమ్మా ఇలాగ!" అంటూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆవిడ చేతులు పట్టుకున్నారు. ఎవరో కుర్చీ వేసి కూర్చోబెట్టారు, ఎవరో పానకం గ్లాసు చేతిలో పెట్టారు. అటు పళ్ళెం పట్టుకుని భారతి వరస వెంట నడుస్తోంది. జనం హారతి కళ్ళకద్దుకుంటూనే మెడలు తిప్పి పుష్పవల్లి వైపు చూస్తున్నారు. దారి తప్పుకోవడం కూడా మరిచిపోయారు.

పళ్ళెం పుష్పవల్లి ముందుకొచ్చింది. ఆవిడ రెండు చేతులూ చాపి కళ్ళకద్దుకుంది.

"అందరూ నీ గురించే సెప్పుకుంతన్నారు వదినా" అంది భారతి. "పల్లెం నా సేతిలో ఉన్నాదని ఒక్కరైనా సూసినారా!" నవ్వుతూనే అంది. కానీ ఆ నవ్వు ఒక పక్కకి లాగింది, పెదవి చివర బిగుసుకుంది, కళ్ళు చుట్టూ ఉన్న జనం మీదికి ఒకసారి పోయి వచ్చాయి.

ఆ ముఖం పుష్పవల్లికి బాగా తెలుసు. అరవై మూడేళ్ళుగా రోజూ అద్దంలో చూస్తున్నదే.

కడుపులో చల్లగా ఏదో దిగింది, పానకం కాదు. కుర్చీలో కొంచెం పక్కకి జరిగింది. "హారతి ఇచ్చేసి రా వదినా, ఇలా నా పక్కన కూకో" అంది ఎంతో మెత్తగా.

ఆ పూట భోజనాల్లో పుష్పవల్లి రెండుసార్లు అన్నం పెట్టించుకుని తింది.